నేల నోరు మూయించిన ఆదివారం

ఆమె రోజూ తెల్లారకముందే బేకరీలో పనికెళ్లి, సాయంత్రానికి మోచేతులదాకా పిండి పూసుకుని ఇంటికొస్తుంది. మెట్లెక్కి నడవాలో కాలుపెడితే పాత చెక్కనేల కిర్రుమంటుంది. ఆ ఇంట్లో ఎవరు ఏ మాట మింగినా అది కాళ్లలోంచి జారి చెక్కల్లోకి దిగేది. ఆ తర్వాత తొక్కినవాళ్లకి వినిపించేది. పాతిళ్లన్నాక అంతేనని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. వంటింటి గుమ్మం దగ్గరి చెక్క ఇప్పటికీ అత్తగారి పడుచు గొంతుతో "నాకేమైనా మిగిల్చారా?" అంటుంది. అత్తగారు దాన్ని దాటుకుని నడుస్తుంది.

ఆ మధ్య బేకరీ యజమానురాలు పక్క ఊళ్లో కొత్త దుకాణం తెరిచి, దాన్ని ఆమె చేతిలో పెడతానంది. ఆమె ఏ మాటా చెప్పేలోపే మొగుడు యజమానురాలికి ఫోన్ చేసి, "మా ఆవిడకి కుదరదండీ" అని చెప్పేశాడు. తోటి పనివాళ్లు చెబితేగాని ఆమెకు తెలీలేదు. ఇంటికొచ్చి నడవాలో అతనికి ఎదురుగా నిలబడింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

"వద్దని చెప్పారటగా" అని మాత్రం అంది.

"నీ మంచికే" అని అతను పక్కనుంచి వెళ్లిపోయాడు.

మర్నాటినుంచి అతను నడవాలో ఎక్కడ అడుగేసినా నేల అరిచింది. "నా బదులు చెప్పడానికి నువ్వెవడివి?" స్నానానికి వెళ్తే అదే, మంచినీళ్లకి లేస్తే అదే. ఆఫీసు స్నేహితులొస్తే వాళ్లకీ అదే. పాపం, గోడవారగా నడిచారు.

"నేల మాట్లాడితే మాట్లాడింది, మొగుణ్ణి పట్టుకుని 'నువ్వు' అంటుందేమిటి!" అని అత్తగారు నొచ్చుకుంది.

ఆదివారం అతను పంతంకొద్దీ సుత్తి పట్టాడు. చెక్కలు ఊడదీస్తే కింద దూలం ఒకవైపు కుంగిపోయి ఉంది. సందుల్లో చెక్కముక్కలు దిగ్గొట్టాడు. పాత మేకులు పీకి స్క్రూలు బిగించాడు. రాసుకుని కిర్రుమనకుండా చెక్కకీ చెక్కకీ మధ్య ముఖానికి రాసే పౌడరు చల్లాడు. ప్రతి స్క్రూకీ "మూసుకో" అని పళ్లు నూరాడు. పక్కన టార్చి పట్టుకున్న ఆమెకి ముందు అరికాళ్లు కాలాయి. తర్వాత మోకాళ్లు. ఆ మంట అలా పైకి పాకి గొంతులో నిలిచింది.

పని ముగించి అతను నడవా అంతా దబదబా నడిచాడు. నేల కిక్కురుమనలేదు.

"చూశావా? నోరు మూయించాను."

"నా బదులు చెప్పడానికి నువ్వెవడివి?"

అతను వంగి నేలకేసి చూశాడు. నేల కాదు.

"పిండి పిసికింది నేను. చేతులు కాల్చుకుంది నేను. అడిగితే నన్నడిగారు. మధ్యలో నువ్వెవడివి?"

"అమ్మా, విన్నావా దీని వరస!"

అత్తగారు కొడుకు ముఖంలోకి తేరిపార చూసింది. "నేను వింటూనే ఉన్నానురా. నువ్వే వినలేదు."

ఆమె టార్చి అతని చేతిలో పెట్టి, యజమానురాలికి ఫోన్ చేసింది.

"ఆ దుకాణం ఎవరికైనా ఇచ్చేశారా అమ్మా?"

"లేదుగానీ, మీ ఆయన..."

"అది ఆయన మాట. నా మాట ఇప్పుడు చెబుతున్నా. రేపు తాళాలివ్వండి."

సోమవారం ఆమె కొత్త దుకాణం తలుపు తీసింది. కోపం ఇంకా చల్లారలేదు. చల్లారనివ్వలేదు కూడా. ఆ కోపమంతా పెట్టి పిండి పిసికింది.