ముస్తాబాద్ తొవ్వలో చెట్టు కల్లు

మా ఆయన మల్లేశం సిరిసిల్లలో సాంచ నడిపేవాడు. పగలంతా ఆ మరమగ్గం చప్పుడులో నిలబడి, పొద్దుగూకగానే మా ఊరు తంగళ్ళపల్లికి వచ్చి కల్లు డిపోలో కూర్చునేవాడు. తెలంగాణ కోసం బంద్ మీద బంద్ జరిగిన ఆ చలికాలం డిపోకు తాళం పడింది. పీడ వదిలిందని లోలోపల సంబరపడ్డాను. నా సంబరం మండ!

రెండు మూడు రోజులకే ఆయన చేతులు వణకడం మొదలైంది. నిద్ర లేదు. గోడతో మాట్లాడాడు, గోడను తిట్టాడు. తెల్లారేసరికి నా ముఖంలోకి చూస్తూనే, "ఎవలు నువ్వు? మా సరోజన ఏది?" అని అడిగాడు. కల్లు అందక ఇలాగే గిలగిలా కొట్టుకొని చచ్చిపోయినవాళ్ళ గురించి చాలాసార్లు విన్నాను. ఈయన కూడా పోతాడేమో అనిపించింది.

దవాఖానకు తీసుకుపోదామంటే అది ఏటికి అవతల సిరిసిల్లలో ఉంది, వంతెన మీదేమో దారికడ్డంగా వంటావార్పు పెట్టారు. అటు జనం, ఇటు పోలీసులు. లాఠీలు లేచాయని అటునుంచి ఉరికొచ్చినవాళ్ళు చెప్పారు.

పక్కింటి శంకరవ్వ వచ్చి చూసింది. "కల్లు లేక గిట్లయితుండు బిడ్డా. ముస్తాబాద్ దిక్కు ఈతవనాలున్నయి గద, తోల్కపో. చెట్టు కల్లు కడుపుల వడ్డదంటే అన్నీ దిగుతయి" అంది.

మా దగ్గర అందరం నమ్మేది అదే. డిపోది దొరక్కపోతే చెట్టుది, అది ఇంకా మంచిది అనుకుంటాం.

బస్సులు లేవు, ఆటోలు లేవు. కోరుట్లలో పుట్టింట ఉన్నప్పుడు బీడీల కార్ఖానాకు సైకిల్ మీదే పోయేదాన్ని. ఆ ధైర్యంతో ఆయన్ని వెనక కూర్చోబెట్టి, తువ్వాలతో నా నడుముకు కట్టుకొని బయలుదేరాను. నిజాం కాలం నుంచీ గీస్తున్న వనాలట అవి. ఎన్నేళ్ళుగానో పేరు వినడమే గానీ లోపలికి ఎప్పుడూ పోలేదు. మంచి ముహూర్తం చూసుకొనే పోతున్నాను!

మొదటి వనంలో మనిషి లేడు. కల్లు పట్టే లొట్లు చెట్ల మీదే ఉన్నాయి, గీసేవాళ్ళంతా బంద్‌కు పోయినట్టున్నారు. ముళ్ళ కొమ్మల మధ్య బాట ఎటు పోతుందో తెలియలేదు. వెనకనుంచి ఆయన నా చెవి దగ్గర, "ఎవలో ఎంబడి వడ్డరే. జల్ది తొక్కు" అన్నాడు. ఎవరూ లేరని తెలుసు. అయినా వెనక్కి చూడాలంటే భయమేసింది. ఏడుస్తూ తొక్కాను.

రెండో వనంలో భూమన్న అనే గౌడు అప్పుడే చెట్టు దిగుతున్నాడు. సంగతి విని, ముందు ఎల్లమ్మ పేరు మీద నేల మీద కొంచెం ఒంపి, మోదుగాకు దొప్ప ఆయన నోటికి అందించాడు. మా ఆయన గటగటా తాగాడు. మళ్ళీ పోయించాను, మళ్ళీ తాగాడు. లొట్టి ఖాళీ అయింది. వణుకు తగ్గలేదు సరికదా, ఉన్నట్టుండి కళ్ళు తేలేసి కింద పడి గిలగిలా కొట్టుకున్నాడు. నోట్లోంచి నురగ వచ్చింది.

కాసేపటికి కొట్టుకోవడం ఆగి కళ్ళు తెరిచాడు గానీ, ఇంకా వణుకుతూనే ఉన్నాడు.

"గౌడన్నా, ఇంకో లొట్టి దింపే, నీ కాళ్ళు మొక్కుత!" అన్నాను.

భూమన్న ముఖంలో నెత్తురు లేదు. "ఎన్ని దింపినా గింతేనమ్మా. ఆయన పానం అడిగేది కల్లు గాదు. డిపోల కలిపే మత్తు పొడి. నా చెట్టుల గది లేదు."

ఇన్నేళ్ళూ డిపోలో ఆయన తాగింది ఏమిటి మరి?

భూమన్న అటూ ఇటూ చూసి, గుడిసెలోకి పోయి చిన్న పొట్లం తెచ్చాడు. "డిపోకు పొయ్యేదాంట్ల కలుపుమని ఆ డిపోవాళ్ళే ఇచ్చిండ్రు. దవాఖాననే మంచిది. గని నా వనంల సచ్చిపోతే నన్ను బతుకనియ్యరు. నువ్వే చెప్పు, కల్పాల్నా, వద్దా?"

దవాఖాన వంతెనకు అవతల ఉంది. మా ఆయన పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"కల్పు" అన్నాను.

దొప్పెడు తాగాక చేతులు మెల్లగా నిలిచాయి. కళ్ళలోకి మనిషి తిరిగొచ్చాడు. నన్ను గుర్తుపట్టాడు.

"ఎందుకేడుస్తున్నవే సరోజనా? చెట్టు కల్లంటే చెట్టు కల్లే. పానం లేశచ్చింది" అని నవ్వాడు. భూమన్న తల తిప్పుకున్నాడు.

తిరుగు దారిలో ఆయన నా వీపు మీద తల ఆనించి, "రేపు గూడ గిటే వద్దాం" అన్నాడు.

సరే అన్నాను. రేపు రానంటే ఏమవుతుందో ఇప్పుడు నాకు తెలుసు.