మీటరు మోగని తోట

భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డున నరసింగరావు సరుగుడు తోట, అతని అక్క మొగుడు ధనరాజ్ తోట ఆనుకునే ఉంటాయి. బావకి ఏది కలిసొచ్చినా నరసింగరావు కడుపు భగ్గుమంటుంది. బావ బోరులో తియ్యటి నీళ్ళు పడ్డాయని అక్కతో మాటలు మానేసిన మనిషి.

ఆ వేసవిలో ఒక కంపెనీ వాళ్ళు మీటరు పట్టుకుని వచ్చారు. నేలలోంచి వచ్చే రేడియేషన్ తగిలినప్పుడల్లా అది టిక్కుమంటుంది. నచ్చిన తోటని లీజుకి తీసుకుని ల్యాబు కడతారట, తోటగలవాడికి అందులో వాచ్‌మన్ ఉద్యోగమట. పని లేక ఇంట్లో కూర్చున్న నరసింగరావుకి ఆ ఉద్యోగం కావాలి. కానీ అతని తోటలో మీటరు ముక్తసరిగా టిక్కుమని ఊరుకుంది. బావ తోటలో నల్ల ఇసుక మీద పెట్టేసరికి పోపులో ఆవాల్లా చిటపటలాడింది. పైగా వాళ్ళు అక్కడే సగం పూట కూర్చుని, బావ కొట్టించిన కొబ్బరి బొండాలు తాగి, గురువారం మళ్ళీ వస్తామని వెళ్ళారు.

ఆ రోజు నరసింగరావుకి అన్నం సయించలేదు. మోగిన నేలకే గిరాకీ అని తనంతట తనే తేల్చేసుకున్నాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం. వాళ్ళకి ఏం కావాలో బావనే అడగొచ్చు కదా అని భార్య లక్ష్మీనరసమ్మ అంటే, వాణ్ణి నేనడగాలా అని కసిరాడు. బుధవారం బావ పని మీద చీపురుపల్లి వెళ్ళగానే గంప పట్టుకుని గట్టు దాటాడు. తన తోటలో మీటరు పెట్టిన చోటల్లా బావ తోటలోని నల్ల ఇసుక తెచ్చి పరిచేశాడు. నడుం విరిగిపోతున్నా ప్రాణం హాయిగా ఉంది.

గురువారం అతని తోటలో మీటరు గోలగోలగా మోగింది. అతను మీసం దువ్వుకుంటూ బావ వైపు చూశాడు. కంపెనీ ఇంజనీరు దుర్గాభవాని మాత్రం మొహం చిట్లించింది. తాము కట్టేది ఇలాంటి మీటర్లను సరిచూసే ల్యాబు అనీ, అందుకు నేల నుంచి వచ్చే రేడియేషన్ వీలైనంత తక్కువ ఉండాలనీ, మొన్న అన్నిటికన్నా తక్కువ ఇక్కడే కనబడితే లీజు కాగితాలు కూడా తెచ్చామనీ చెప్పింది.

"ఎవరైనా ఇసుక తెచ్చి పోశారా? పోస్తే చెప్పండి. పైపొర తీయించి మళ్ళీ కొలుస్తాం" అంది.

ధనరాజ్ వంగి గుప్పెడు ఇసుక తీసి చూశాడు. అది ఎక్కడిదో అతనికి తెలియకపోదు.

"ఒరే నరసింగా, సెప్పీరా. నీ తోటే తీసుకోమని ఆ రోజు ఆళ్ళకి సెప్పింది నేనే" అన్నాడు మెల్లగా.

నరసింగరావు చెప్పేవాడే. మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆ ఉద్యోగం కూడా బావ పెట్టిన భిక్షేనా అనుకునేసరికి ఒళ్ళు మండిపోయింది.

"ఎవలూ పొయ్యలేదు. తాతల కాడి నుంచీ నా తోట ఇలాగే మోగతాది" అన్నాడు.

అయితే మొన్న మేమే తప్పు కొలిచామన్నమాట అని దుర్గాభవాని మీటరు కట్టేసింది. నరసింగరావు తోటకి అవతలున్న మూడో తోట ఎవరిదని ధనరాజ్‌ని అడుగుతూ అటు నడిచింది.