బుధవారం ఫాండ్యూ

మిషన్ ఆసుపత్రి దొరసానమ్మ తన దేశానికి వెళ్లిపోతూ మా ఆవిడ లూదియాకు ఒక ఎర్ర గిన్నె, దాని కింద వెలిగించే స్పిరిటు దీపం, ఆరు పొడవాటి ఫోర్కులు ఇచ్చి పోయింది. గిన్నెలో చీజు కరిగించి, అందరూ చుట్టూ కూర్చుని, రొట్టె ముక్కలు గుచ్చి ముంచుకుని తినాలట. దాన్ని ఫాండ్యూ అంటారట.

ఏడాది పాటు ఆ గిన్నె అటక మీదే ఉంది. కోడికూరకు పనికొస్తుందంటే లూదియా నన్ను ముట్టుకోనివ్వలేదు. డెబ్బై తొమ్మిదిలో ఒకనాడు నేను ఆళ్లగడ్డ బడి నుంచి బస్సులో నంద్యాల వచ్చి ఇల్లు చేరేసరికి విందు ఖాయమైపోయింది.

"ఎవుర్ని పిలుస్తాండావ్?" అన్నాను.

"మా బళ్లో నలుగురు టీచర్లను. మన గౌరమ్మక్కను."

విందంతా ఆ చివరి పేరు కోసమేనని నాకు తెలిసిపోయింది. గౌరమ్మ పక్కింటి కిరాణా కొట్టు మాధవయ్య భార్య. ఆరేళ్లుగా పండగ వస్తే గోడ మీంచి మాకు బెల్లం ఓళిగలు అందిస్తుంది, మా ఇంట్లో మాత్రం మంచినీళ్లయినా ముట్టదు. ఎన్నడూ నేరుగా కాదనలేదు. సోమవారం శివుడికి ఒక్కపొద్దు, మంగళవారం ఆంజనేయుడికి, గురువారం రాఘవేంద్రుడికి, శుక్రవారం అమ్మవారికి, శనివారం వెంకన్నకు, ఆదివారం సూర్యుడికి. ప్రతి క్రిస్మసుకూ మా కేకుకు ఎవరో ఒక దేవుడు అడ్డం పడేవాడు. నాకు ఒళ్లు మండేది. లూదియా నమ్మేది, లేదా నమ్మినట్టు ఉండేది.

"మనింట్లో మాంసం తగలని గిన్నె ఇదొక్కటే," అంది. "బుధవారం పెట్టుకుందాం. ఆ పొద్దు ఆయక్కకు ఏ దేవుడూ లేడు."

"కొత్తాయన్ను వెతుక్కుంటాది చూడు," అన్నాను.

మర్నాడు గౌరమ్మ గోడకు మోచేతులు ఆనించి పెత్తనమంతా తన చేతిలోకి తీసుకుంది. దొరసానమ్మ రాసిచ్చిన కాగితంలో ద్రాక్షసారా పోయమని ఉంది. "సారా ఏందే, నిమ్మకాయ పిండు," అంది. ఆ గిన్నెలో అందరూ ముంచుతారని విని మొహం చిట్లించింది.

"ఎంగిలి కాదా అది? తలా ఒక చిన్న గిన్నె పెట్టు."

"నువ్వూ వస్తావా అక్కా?"

"చూస్తాలే."

ఆ 'చూస్తాలే'తో నాకు ఆరేళ్ల పరిచయం.

బుధవారం సాయంత్రం టీచర్లు వరండాలో ఫోర్కులు పట్టుకుని కూర్చున్నారు. వంటింట్లో లూదియా నిమ్మకాయలు పిండింది. హైదరాబాదు నుంచి తెప్పించిన డబ్బా చీజు ఒక్క ఉండగా బిగుసుకుంది, చుట్టూ నీళ్లు తేలాయి. ఆమె కళ్లలోనూ నీళ్లు తేలాయి. ఆ ఏడుపు చీజు గురించి కాదు. పక్కింటి తలుపు ఇంకా తెరుచుకోలేదు.

నాకు కోపం ఆగలేదు. గోడ దగ్గరికి పోయి, "నీ నిమ్మకాయ మా కొంప ముంచింది గౌరమ్మక్కా," అన్నాను.

తన వంట సలహాను తప్పంటే ఆమె ఓర్చుకోలేదు. నిమిషంలో వచ్చి, ఆరేళ్లలో మొదటిసారి మా వంటింటి గడప దాటింది. "జరుగు పక్కకు," అని లూదియాను తోసి, పాలలో బియ్యప్పిండి కలిపి పోసి, మంట తగ్గించి తిప్పుతూ నిలబడింది. ఉండ మెల్లగా కరిగింది. అప్పుడు గరిటెతో ఒక చుక్క ఎడమ అరచేతిలో వేసుకుని నాకింది. రోజూ పొయ్యి దగ్గర చేసే పనే.

"ఉప్పు జాస్తయింది. ఇంకొంచెం పాలు పొయ్యి."

లూదియా పాలగిన్నె పట్టుకుని కదల్లేదు. నా నాలుక మీదికి ఒక వెటకారం వచ్చింది, మింగేశాను. గౌరమ్మకూ అప్పుడే తట్టినట్టుంది, తన అరచేతి వంక చూసుకుంది.

"ఈ పొద్దు ఏ వారమే?"

"బుధవారమక్కా."

"అట్లయితే నాకూ ఒక చిన్న గిన్నె పెట్టు," అంది గౌరమ్మ.