ట్రాన్స్‌ఫార్మర్‌కి కూలర్

మా అత్తగారి కూలర్‌ను ముట్టుకునే హక్కు ఇంట్లో ఎవరికీ లేదు. నీళ్లు ఆవిడే పోస్తారు, గడ్డి ఆవిడే మారుస్తారు. నేను తుడిస్తే మళ్లీ తుడుస్తారు.

ఆ వేసవిలో రాత్రిళ్లు కూడా సెగ తగ్గలేదు. పగలంతా కాగిన వీధి ట్రాన్స్‌ఫార్మర్ చల్లారే వ్యవధి లేక మాటిమాటికీ ఆగిపోతోంది. ఒక మధ్యాహ్నం కింది వాటా టైలరుగారి భార్య రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. ఆయన ఆక్సిజన్ మిషను మీద ఉన్నారు. దానికి కరెంటు కావాలి. అవసరానికి ఉంచుకున్న సిలిండరు పొద్దున్నే అయిపోయింది.

"కొత్త సిలిండరు సాయంత్రానికి గానీ రాదట అక్కయ్యగారూ. కరెంటు ఇప్పుడే వచ్చింది. ఇంకోసారి ఆగితే రేపటిదాకా రాదంటున్నాడు లైన్‌మన్."

అత్తగారు చెప్పులేసుకున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్న లైన్‌మన్ దగ్గరికి వెళ్లారు, వెనకే నేనూ.

"ఏం చేస్తే కరెంటు నిలబడుతుంది బాబూ?"

"వీధిలో ఏసీలు ఆపాలమ్మా. దీనికి కాస్త గాలి తగలాలి. మా పెద్ద ఫ్యాన్లన్నీ ఆస్పత్రి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయాయి."

"గాలే కదా," అని అత్తగారు నా వైపు తిరిగారు. "కూలర్ దింపు. జాగ్రత్త, కాలు విరగ్గొట్టేవు."

నాది కాదు, కూలర్‌ది.

లైన్‌మన్ దాన్ని కంచె బయటే పెట్టాడు, నీళ్లు పోయకుండా. ఎదురింటి డ్రైవరు గుమ్మంలోంచి నవ్వాడు.

"ఏం మర్యాదలు పిన్నిగారూ! కొత్తల్లుడొచ్చినట్టుంది."

"అల్లుడు అలిగితే అన్నం మానేస్తాడు, పీడా పోతుంది. ఇది అలిగితే కింద ఆయనకి ఊపిరాడదు. ముందు నీ ఏసీ ఆపు."

అలా ఇంటింటికీ వెళ్లారు. బతిమాలలేదు, బెదిరించలేదు. సంగతి చెప్పి, లోపల ఏసీ చప్పుడు ఆగేదాకా గుమ్మంలోనే నిలబడ్డారు. ఒక్కరూ కాదనలేకపోయారు.

మేం తిరిగొచ్చేసరికి మెట్ల దగ్గర టైలరుగారి భార్య కళ్లొత్తుకుంటోంది.

"ఏడుపెందుకూ? మా పడమటి కిటికీకి కర్టెన్లు బాకీ ఉన్నాడు మీ ఆయన. తప్పించుకు పోతానంటే ఊరుకుంటానా?"

ఇంటికొచ్చి ఆ పడమటి గదిలోనే నేల మీద కూర్చుని, అట్టముక్కతో విసురుకున్నారు. తడి తువ్వాలు ఇస్తే, సరిగా పిండలేదన్నారు. కింది నుంచి ఆక్సిజన్ మిషను రొద సన్నగా వినిపిస్తోంది. ఒకసారి లైటు మినుకుమంది. అట్టముక్క ఆగింది. రొద ఆగలేదు. మళ్లీ విసురుకోవడం మొదలుపెట్టారు.

ఎండ వాలాక సిలిండరు వచ్చింది, దాని వెనకే కూలరూ. దుమ్ము నేను తుడిచాను. ఆవిడ మళ్లీ తుడుస్తున్నారు. ఆ చేతులనే చూస్తూ నిలబడ్డాను.

కింది నుంచి కేక వినిపించింది. "అక్కయ్యగారూ! కర్టెన్ల కొలతలు చెప్పమంటున్నారు ఈయన!"

అత్తగారు కిటికీలోంచి వంగి చూశారు.

"ముందు గాలి పీల్చుకోమను. కొలతలకేం తొందర!"