చెంప ఆనించి చూడాల్సిన గీత

నాకు కాగితాలంటే పడదు. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి పడకపోవడంలో వింతేముంది అంటారేమో, కారణం అది కాదు. భూమి లోపలి పొరలను వెతికే సర్వే పార్టీలో తొమ్మిదేళ్లు కూలికి పనిచేశాను. పర్ణశాల అవతల అడవిలో వైర్లు మోసుకెళ్లి, ముల్లున్న చిన్న డబ్బాలను నేలలో గుచ్చేవాళ్లం. గుంటలో మందు పేలిస్తే ఆ చప్పుడు లోపలికి దిగి, పొర పొరకూ తగిలి తిరిగొచ్చేది. డబ్బాలు దాన్ని వినేవి. కొన్నాళ్లకు అదంతా హైదరాబాదు పోయి గీతలై, పొడుగాటి కాగితం మీద క్యాంపుకు తిరిగొచ్చేది. ఆ కాగితాన్ని ఒక కొస నేను, ఒక కొస నాతోటి కూలీ మంగీలాల్ పట్టుకుంటే పార్టీ పెద్ద వెంకటరామారావు సారు చూసేవాడు. అందులో ఏముందో తొమ్మిదేళ్లలో ఒక్కనాడూ మాకు చెప్పలేదు. మేమూ అడగలేదనుకోండి, అడిగితే చెప్పే మనిషా ఆయన. పార్టీ ఎత్తేసిన రోజు రేపట్నుంచి రావొద్దని ఒక్క ముక్కలో తేల్చేశారు. అప్పటినుంచి ఖమ్మంలో షేర్ ఆటో తోలుతున్నాను.

రెండువేల ఐదులో ఒక ఆదివారం, ఖానాపురం హవేలిలో మా అన్న ఇంటికి భోజనానికి వెళ్లాను. అన్న డ్యూటీలో ఉన్నాడు. జూలూరుపాడు నుంచి మంగీలాల్ సంచీడు పచ్చిమిర్చి తెచ్చి అప్పటికే చేరాడు. వాడికి మా వదిన లిదియా వండే కోడికూర వాసన తండా దాకా వస్తుంది. అన్న కూతురు దీవెన హైదరాబాదు నుంచి వచ్చి ఉంది. కంచం ముందు కూర్చుంది కానీ చెయ్యి కడగలేదు. పక్కన కాగితం చుట్ట.

"రేపు నా పాయింట్ తీసేస్తరు చిన్నాయనా," అంది.

దాని ఆఫీసులో సముద్రం సర్వే కాగితాలు చూస్తారు. వచ్చే ఏడాది గోదావరి కలిసే చోటికి ఎదురుగా, నడిసముద్రంలో, ఓడ మీదనుంచి బోర్లు వేయబోతున్నారట. పది చోట్లు ఎంచారు. అందులో ఒకటి దీవెన చూపించింది. ఆ చోటు నిలబడితే పిల్ల కూడా ఓడ ఎక్కుతుంది. లేకపోతే లేదు.

"గంత నీళ్లల్ల ఏం దొరుకుతది బిడ్డా?" అన్నాడు మంగీలాల్.

"గ్యాసు. సముద్రం అడుగున మట్టిల మంచులెక్క గడ్డకట్టి ఉంటది. అగ్గిపుల్ల గీస్తే మండుతది."

"సల్లగుండి మండుడు మీ చిన్నాయనొక్కడే అనుకున్న."

వదిన నవ్వింది. నేను నవ్వలేదు. దీవెన కాగితం కొంచెం విప్పి వేలు పెట్టింది.

"ఈ నల్ల గీత సముద్రం అడుగు. దాని కింద ఈ తెల్ల గీత, మంచు ఆఖరయ్యే జాగ. లోతుకు పోయినకొద్దీ భూమి వేడెక్కుతది కదా. ఆడికెల్లి కిందికి మంచు నిలువది, ఉత్త గ్యాసే. గ్యాసు తగిలితే చప్పుడు ఉల్టా అయి వస్తది, అందుకే తెలుపు."

"మన ఫ్రిజ్‌ల లెక్కనా? ఏ గిన్నె పెట్టినా గడ్డకట్టేది గా పై అరలనే," అంది వదిన.

"అవ్ మమ్మీ. మంచుకు సల్లదనంతోనే పని, ఏ మట్టి అని చూడది. అందుకే ఆ గీత సముద్రం అడుగుతోని ఎక్కుతది, దిగుతది. కానీ ఈడ మట్టి పొరలు కూడ గట్లనే పోతున్నయి. ఇది మంచు గీత కాదు, మట్టి పొరే అంటడు మా ఆఫీసు పెద్దసారు. మంచుదైతే ఏడనన్న ఒక్కతాన పొరలను కోసుకుంట పోవాలె, చూపియ్ అంటడు. పదిరోజుల సంది కంప్యూటర్ల చూస్తున్న, కనబడ్తలేదు."

"ఎదురుంగ చూస్తే ఎట్ల కనబడతది," అన్నాను. నోరు జారింది. కాగితాల ఊసెత్తకూడదనే ఉంది నాకు.

"ఏంది చిన్నాయనా?"

చెప్పక తప్పలేదు. మా సారు ఎన్నడూ మామూలుగా చూసేవాడు కాదు. కాగితాన్ని బిగించి పట్టమని, కొసన చెంప ఆనించి, ఒక కన్ను మూసి, వడ్రంగి చెక్క వంకర చూసినట్టు చూసేవాడు.

"మేమైతే నిద్రపోతుండనుకునేటోళ్లం," అన్నాడు మంగీలాల్.

కంచాలు పక్కకు జరిపాం. హాల్లో కాగితం పరిచి, ఆ కొస వాడు, ఈ కొస నేను మోకాళ్ల కింద తొక్కిపెట్టాం. దీవెన బోర్లా పడుకుని చెంప ఆనించింది.

"ఏం లేదు," అంది.

"మంగీలాల్ దిక్కునుంచి చూడు. సారు రెండు దిక్కులా చూసేటోడు."

పిల్ల అటు పోయి పడుకుంది. చాలాసేపు కదల్లేదు. వదిన గరిటె పట్టుకునే నిలబడింది. కాసేపటికి దీవెన వీపు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"పొరలు వంగినయ్ చిన్నాయనా. గీత వంగలే. కోసుకుంట పోతంది."

వదిన గరిటెతోనే నేల మీద పడుకుంది. తర్వాత మంగీలాల్. చివరికి నేను. తొమ్మిదేళ్లు కొస పట్టుకున్న నాకు కాగితానికి చెంప తగలడం అదే మొదలు. మూరల పొడుగున్న కాగితం దగ్గరికి ముడుచుకున్నట్టయింది. అప్పటిదాకా చదునుగా కనిపించిన పొరలు ఒక చోట గట్టుమీదినుంచి జారినట్టు దిగిపోతున్నాయి. తెల్ల గీత మాత్రం వాటిని లెక్కచేయకుండా పైన నల్ల గీతకు తోడుగా పోతోంది. సారు ఇదా చూసేవాడు. కోపం రావాలి నాకు. ఆకలేసింది.

"లేవండి, కూర చల్లారింది," అంది వదిన, తాను లేవకుండానే.

సోమవారం మధ్యాహ్నం ఆటోస్టాండులో ఉండగా సెల్ మోగింది.

"మీటింగ్ టేబుల్ మీద పరిచిన చిన్నాయనా. అందరిని చెంప పెట్టుమన్న. పెద్దసారు అద్దాలు తీసి వంగిండు. నడుము పట్టేసింది, ఇద్దరు లేపిండ్రు. లేస్తనే, నీ పాయింట్ ఉంటది, ఓడకు బట్టలు సదురుకో అన్నడు."

"మంచిది బిడ్డా."

"ఎవరు నేర్పిండ్రని అడిగిండ్రు. మా చిన్నాయన, సర్వేల చేసిండన్న. ఏం పోస్టు అన్నరు. కాగితం కొస పట్టుకునేటోడు అని చెప్పిన."

ఆటో నిండింది, వెనకనుంచి పోదామంటున్నారు. నేను మంగీలాల్‌కు ఫోన్ కొట్టి అంతా చెప్పాను. వాడు అంతా విని అడిగాడు.

"ఇంకో కొస ఎవరు పట్టిండ్రో చెప్పిందా?"

"చెప్పింది. నీ పేరు కూడ రాసుకున్నరంట," అని అబద్ధమాడాను. "వచ్చే ఆదివారం కోడిని నువ్వే తేవాలె."