మా ఆయన పేరు

పెళ్లయి యాభై ఏళ్లు దాటినా మా ఆయన పేరు నా నోట రాలేదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా షావుకార్ల ఇళ్లల్లో భయం. ఆ పేరే నా పుస్తకాల మీద ఉంది. అదీ నా ఖర్మ!

హోసూరులో బట్టల కొట్టు వదిలి మా ఆయన కృష్ణగిరి దాటింది లేదు. తిరిగింది నేను. తీర్థయాత్ర అంటే మా మామగారు కాదనలేకపోయేవారు. తోటి ఆడవాళ్లు గుడి ముందు వరసలో నిలబడితే నేను ఊరి మీద పడేదాన్ని. సత్రాలు, సంతలు, రైల్వే స్టేషన్లు చూసొచ్చి వంటింట్లో కూర్చుని రాశాను. ఆ ప్రయాణాలు ఒక పుస్తకమయ్యాయి, తరువాత ఒక నవల వచ్చింది. ఇంటి ఆడదాని పేరు వీధిన పడకూడదని మామగారు రెండింటి మీదా కొడుకు పేరు వేయించారు. కాదని నలుగురిలో చెప్పాలంటే ముందు ఆ పేరు పలకాలి కదా. అక్కడే నా నోటికి తాళం పడింది.

మొన్న ప్రయాణాల పుస్తకం మళ్లీ అచ్చు వేస్తామని కృష్ణగిరిలో సభ పెట్టారు. ఈసారి నా పేరు వేయమని నిర్వాహకుడు గిరిప్రసాద్‌కు ముందే చెప్పి చూశాను. పాత పేరుకే గిరాకీ అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

సభలో తనూజ అనే అమ్మాయి లేచింది. ఆంధ్రా నుంచి వచ్చి హోసూరు ఫ్యాక్టరీలో పనిచేస్తోందట. పుస్తకంలో, సామల్పట్టిలో రైలు తప్పిపోయిన రోజు మీకు అన్నం పెట్టినామె తరువాత ఏమైందని మా ఆయన్ని అడిగింది. ఆయన అలవాటుగా వేదిక మీద పక్కనే ఉన్న నా వైపు వంగారు. ఎప్పుడూ నేనే చెవిలో జవాబు అందించేదాన్ని. ఈసారి మూతి బిగించుకుని కూర్చున్నాను. ఆయన చెమట తుడుచుకుంటుంటే జాలేసింది, అయినా కదల్లేదు. చివరికి మైకు నేనే లాక్కున్నాను.

“విశ్వేశ్వరయ్య సామల్పట్టి చూసిందే లేదమ్మా. ఆ పొద్దు పచ్చయమ్మ ఇంట్లో రాగిముద్ద తినింది నేను. రాసింది నేను. అట్ట మీద మనోరమ అని వెయ్యండి, లేదంటే ఆ పుస్తకమే వెయ్యొద్దు.”

తాళి కళ్లకద్దుకోమని కోడలు నమిత కింద నుంచి సైగ చేసింది. నేను చూడనట్టే నిలబడ్డాను.

మా ఆయన గుండె తడుముకుని మైకు అందుకున్నారు.

“నాకేమీ కాలేదు. గిరిప్రసాదప్పా, ఆమె చెప్పినట్టే వెయ్యి.”

తిరుగు బస్సులో ఆయన నా పక్కనే కూర్చున్నారు. హోసూరు దగ్గర పడ్డాక మెల్లగా అడిగారు.

“పచ్చయమ్మ ఎవురు?”

సంచిలోంచి పుస్తకం తీసి ఆయన ఒళ్లో పెట్టాను.

“ఇప్పుడన్నా చదవండి.”