పన్నెండు జతల కాళ్ళు

"కాళ్ళు పైకెత్తండే!" అంటూ మేస్త్రి అద్దకం షెడ్డులోకి వచ్చేసరికి, ఆడవాళ్ళు తొట్లలో చీలమండల దాకా యాసిడ్ నీళ్ళలో నిలబడి బట్టలు జాడిస్తున్నారు. పన్నెండేళ్ళుగా ఆ తొట్లలోనే ఉన్న మనిషిని అందరూ తొట్టక్క అంటారు. ఆమే ముందు గట్టు మీద కూర్చుని కాళ్ళు చాపింది.

సంగతేమిటంటే, ఈస్టరు ముందు గురువారం చర్చి ప్రార్థనలో, యేసు శిష్యుల కాళ్ళు కడిగినట్టు, యజమాని పన్నెండుమంది పేదల పాదాలు కడుగుతాడు. పొరుగువాణ్ణి ప్రేమించడమంటే ఏమిటో సంఘానికి చేసి చూపిస్తాడు. సంఘపెద్ద కదా, ఆ మాత్రం వంగకపోతే పెద్దరికం ఎలా నిలుస్తుంది! ఫోటోగ్రాఫర్ని కూడా మాట్లాడారు. అందుకని పుండ్లు లేని కాళ్ళు కావాలి.

మేస్త్రి పెళ్ళిచూపులకొచ్చినవాడిలా వంగి వంగి చూశాడు. ముప్పైమందిలో ఒక్క జతా నచ్చలేదు. ఒకామెకు వేళ్ళ సందుల్లో తోలు ఊడింది, ఇంకొకామెకు గోళ్ళే లేవు. చివరికి కుర్చీల్లో కూర్చుని బట్టలు మడతపెట్టే గదినుంచి ఉన్న పదకొండుమందినీ తీసుకుని, పన్నెండో మనిషి కోసం మళ్ళీ తొట్టక్క దగ్గరికే వచ్చాడు.

"నీ కుడికాలు బానే ఉందక్కా. అదొక్కటే పెట్టు, ఎడమదాని మీద గుడ్డ కప్పుకో. ఆ పూటకి కూలి కోత ఉండదులే."

"ఈ ఎడమకాలు గురించేగా అయ్యగారికి నీతో మూడుసార్లు చెప్పించాను? ఇంకా నీళ్ళలో నానితే వేళ్ళు తీసెయ్యాలన్నాడు డాక్టరు. మానేదాకా మడతల గదిలో వెయ్యమన్నాను."

"చూద్దామన్నారుగా అయ్యగారు."

"ఎప్పుడు చూశారు?"

అయ్యగారి మాటలు కోటలు దాటుతాయి గానీ కాళ్ళు ఈ షెడ్డు గడప దాటవు.

"సరే, వస్తాలే," అంది తొట్టక్క.

గురువారం చర్చిలో పన్నెండుమందికీ ముందే కుళాయి దగ్గర సబ్బిచ్చి శుభ్రంగా తోముకోమన్నారు. కడిగిన కాళ్ళనే మళ్ళీ కడగడమన్నమాట. యజమాని మెత్తటి దిండు మీద మోకరించి, నడుముకి తెల్ల తువ్వాలు చుట్టుకుని, నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు ముఖం పెట్టాడు. పదకొండుమందికీ నాలుగు చుక్కలు చల్లి, తువ్వాలు తగిలించి వదిలేశాడు.

తొట్టక్క వంతు వచ్చింది. ఉన్న పని కూడా పోతుందేమోనని భయపడింది. అయినా గుడ్డ తీసేసి, ఎడమకాలు బేసిన్‌లో పెట్టింది.

"అది కాదమ్మా, ఆ కాలు," అన్నాడు యజమాని, నవ్వు చెదరకుండా.

"కడగాల్సింది ఇదేనండి."

అతను పుండు చూశాడు. చేతులు వెనక్కి తీసుకున్నాడు. "రేపట్నుంచి మడతల గదికే వెళ్ళు. ముందు కాలు తియ్యి," అని గొణిగాడు.

అడిగింది దొరికింది. తీసేద్దామనే అనిపించింది తొట్టక్కకు. పక్కన పదకొండు జతల నున్నటి కాళ్ళు కనిపించి ఒళ్ళు మండిపోయింది.

"షెడ్డులో ఇంకా ఇరవైతొమ్మిదిమంది ఉన్నారండి. వాళ్ళ కాళ్ళు కూడా ఇలాగే ఉన్నాయి. ముందు ఇది కడగండి."

వెనకాల కీర్తన పాడేవాళ్ళకు చరణాలు అయిపోయాయి. పాస్టరుగారు పుస్తకంలో ఏదో పేజీ వెతుక్కుంటున్నారు. తొట్టక్క కాలు తీయలేదు.